మరవని పిల్ల

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే: నా కూతుర్ని ఎక్కడో పెట్టి మరిచిపోతానని.

పిల్లకు జ్వరం వస్తుందనీ, మంచం మీంచి దొర్లుతుందనీ, నేలమీద దొరికిన వాషరు నోట్లో పెట్టుకుంటుందనీ కూడా భయపడతాను. అవి వచ్చిపోయే భయాలు. ఇది మాత్రం ఒంట్లో కాపురం పెట్టింది. కుళాయి దగ్గర నీళ్లు పడుతూ, పిల్లను చంకలోనే పెట్టుకుని, "పిల్లేదీ, పిల్లేదీ" అని చుట్టూ వెతుక్కున్న మనిషిని నేను. ఆ సంబరం మా అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. అప్పటినుంచి నేను గడప దాటిన ప్రతిసారీ ఒకటే పాట.

"అన్నీ తీసుకున్నావా? పాలసీసా, గుడ్డలు, డబ్బా, తాళం చెవి... పిల్ల?"

పిల్లను చివర్లో అడుగుతుంది. కావాలనే.

"కడుపున పుట్టినదాన్ని మరిచిన తల్లి ఈ ఇంట్లో ఇంతవరకూ లేదమ్మా. నువ్వు మొదలెట్టకు."

అందుకే ఆ మాటను నేను నోటి దాకా రానివ్వను. కూరలో ఉప్పు వేయకపోతే "తక్కువైంది" అంటాను. తలుపు గడియ పెట్టకపోతే "గాలికి తెరుచుకుంది" అంటాను. మరిచాను అని మాత్రం అనను.

నేను బోల్టుల కంపెనీలో ప్యాకింగులో పనిచేస్తాను. మా ఆయన అక్కడే తల కొట్టే యంత్రం మీద ఉన్నాడు. తల కొట్టడం అంటే హడలిపోనక్కర్లేదు. ఇనుప కడ్డీని ముక్కలు కోసి, ముక్కను అచ్చులో నిలబెట్టి ఒక్క దెబ్బ వేస్తే కొస ఉబ్బి తల అవుతుంది. తల వచ్చిన ముక్కను పళ్లున్న రెండు పలకల మధ్య దొర్లిస్తే ఒంటి చుట్టూ మెలికలు పడతాయి. ఆ మెలికలే మర. బోల్టుకు బయట ఉండేది మగ మర, నట్టుకు లోపల ఉండేది ఆడ మర. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి నాకు విడమరిచి చెప్పబోయి, మా ఆయన సగంలోనే సిగ్గుపడి లేచి వెళ్లిపోయాడు. మిగతా సగం ప్యాకింగులో ఆడవాళ్లు చెప్పారు.

మర అని ఇప్పుడంటున్నాం గానీ, ఇంతకుముందు అందరమూ థ్రెడ్డు అనేవాళ్లం. ఆఫీసులో కొత్తగా చేరిన ఒకాయన, ఇంగ్లీషు వద్దనుకున్నాడో ఏమో, ఆర్డరు కాగితం మీద దాన్ని "దారం" అని రాశాడు. బోల్టులన్నీ దారంతో పంపాలి అని. మాకేం తెలుసు? ప్యాకింగులో ఆడవాళ్లం అందరం కూర్చుని ఒక్కొక్క బోల్టుకూ తెల్లదారం చుట్టి, జారకుండా ముడి వేసి పంపించాం. వేళ్లు పడిపోయాయి. కొన్నవాళ్లు లారీని అలాగే తిప్పి పంపారు. వచ్చిన సరుకు విప్పడానికి మళ్లీ మేమే.

ఆ దెబ్బతో యజమాని మాటల సారును తెచ్చాడు. ఆయన ఉద్యోగం ఏంటంటే ప్రతి వస్తువుకూ ఒకే మాట, ప్రతి మాటకూ ఒకే వస్తువు ఉండేలా చూడటం. మనిషి పొడుగు. జేబులో రంగురంగుల కలాలు. నడుస్తూ నడుస్తూ ఆగి, గోడకేసి చూసి, దానికి పేరుందో లేదో అని ఆలోచించేవాడు. వాషరుకు బిళ్ల అని చీటీ అంటించాడు. రివెట్టుకు చీల అన్నాడు. నట్టు బెజ్జం సరిపోయిందో లేదో చూసే గేజికి రెండు కొసలుంటాయి, దూరేది ఒకటి, దూరనిది ఒకటి. వాటికి "పోవునది", "పోనిది" అని పేర్లు పెట్టాడు. బాగానే ఉన్నాయనుకున్నాం. తరవాత ఒకరోజు అందరినీ వాకిట్లో నిలబెట్టాడు.

"మర కోయడం, మర వేయడం, మర దొర్లించడం. ఒక్క పనికి ఇన్ని మాటలెందుకు? ఇకనుంచి ఒకటే. మరచు. మర వేసింది మరచినది. మర వేయనిది మరవనిది. అర్థమైందా?"

మా ఆయన చెయ్యెత్తాడు. "సార్, మరచు అంటే మరిచిపోవడం కదండీ?"

"దానికి మరిచిపోవు అని వేరే ఉంది కదయ్యా. అందులో పోవు ఉంది. మన బోల్టు ఎక్కడికైనా పోతుందా?"

"పోదండీ."

"మరి?"

"మరేం లేదండీ" అని మా ఆయన చెయ్యి దించేశాడు.

మా గేటు పక్కన ఎప్పటినుంచో ఒక గది ఉంది. గుమ్మం మీద "మరచిన వస్తువుల గది" అని రాసి ఉంటుంది. పనివాళ్లు వదిలేసి పోయిన గొడుగులు, అన్నం డబ్బాలు, ఒంటి చెప్పులు అందులో పెడతారు. దానికో గుమాస్తా ఉన్నాడు. ఆయన దగ్గరికి వారానికి ఇద్దరు ముగ్గురు కూడా వచ్చేవారు కాదు. కొత్త మాట వచ్చిన మర్నాడే బండ్లకొద్దీ బోల్టులు వచ్చి పడ్డాయి, అవన్నీ మరచినవే కాబట్టి. గుమాస్తా మొహం వెలిగిపోయింది. గొడుగులను బోల్టుల పక్కన పేర్చాడు. పంపే వేళకు ఏవి ఏ పెట్టెలోకి వెళ్లాయో ఎవరు చూశారు? ఒక పెద్ద ఖాతాదారుకు పెట్టెనిండా ఒంటి చెప్పులు వెళ్లాయట. వాళ్లు ఒక్కమాట అనలేదట. బిగువు బాగుంది, ఇంకా పంపండి అన్నారట.

అలా నడుస్తుండగా ఒకరోజు ఉయ్యాల గదికి సున్నం వేశారు. పనిచేసే తల్లుల పిల్లలను చూసే గది అది. చూసే ఆవిడను మేమందరం పిన్ని అంటాం. యజమాని కూడా పిన్ని అనే అంటాడు. మిగతావాళ్లు ఆ రోజుకు పిల్లలను ఇళ్ల దగ్గర వదిలి వచ్చారు. అత్తయ్యకు మోకాళ్లు పట్టేశాయని నేను నా కూతుర్ని ఎత్తుకొచ్చాను.

"సున్నం ఘాటు దీనికి పడదే. పక్క గదిలో పడుకోబెడతాలే. నువ్వెళ్లు, అవతల మీ ప్యాకింగు మేస్త్రీ అరుస్తున్నాడు" అంది పిన్ని.

పక్క గదంటే ఆ మరచిన వస్తువుల గదే. ఖాళీగా ఉన్న ఒక బోల్టుల అరలో తన దుప్పటి మడతపెట్టి పరిచి, పిల్లను పడుకోబెట్టి, పాలు వెచ్చబెట్టడానికి వంటింటి వైపు వెళ్లింది. ఇంతలో గుమాస్తా అరలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. ఉన్న ప్రతిదానికీ చీటీ ఉండాలి కాబట్టి, నా కూతురి కాలికి కూడా ఒకటి కట్టాడు. నిద్ర చెడకుండా మెత్తగా కట్టాడు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

అన్నం గంట కొట్టగానే పరుగెత్తుకొచ్చాను. కిటికీలోంచి పాప కాలు కనపడింది. ప్రాణం లేచొచ్చింది.

"అన్నా, మా పాపను ఇటివ్వండి."

"మరచినదేనా?" అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా.

"మరవడమేంటండీ! నేను నా బిడ్డను మరవలేదు. పిన్నికి అప్పజెప్పి వెళ్లాను."

"మరవలేదా?"

"లేదండీ! ఒట్టు! పొద్దుటినుంచి రెప్పపాటు కూడా మరవలేదు!"

ఆయన కలం కిందపెట్టి నాకేసి దిగులుగా చూశాడు. "మరవనిది ఈ గదిలో ఉండకూడదు కదమ్మా. ఎవరు పెట్టారో ఏమో." చీటీ మీద ఉన్న మాట కొట్టేసి, "మరవనిది" అని గుండ్రంగా రాశాడు.

హమ్మయ్య అనుకుని చేతులు చాచాను.

"నీకెలా ఇస్తానమ్మా? మరవనిది మర యంత్రానికి పోవాలి. కాసేపట్లో బండి వస్తుంది."

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. అర మీదికి వంగి, ఒక్కొక్కటీ చూసి రాసుకుంటున్నాడు. "తల ఉంది. గుండ్రంగానే ఉంది. ఒళ్లుంది. మెడ... మెడ కనపడటం లేదే?"

"పసిపిల్లలకు మెడ మడతల్లో ఉంటుందండీ."

"మర?"

"మనిషికి మరేంటండీ!"

"అదే నేనూ అంటున్నాను. లేదు. ఆడా, మగా?"

"ఆడ" అన్నాను. అడిగితే చెప్పే అలవాటు నాది.

"అయితే నట్టు" అని రాసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పాప లేచి, నోరంతా తెరిచి ఏడుపు అందుకుంది. "బెజ్జం కూడా ఉంది" అన్నాడు.

నట్టుకు మర ఎలా వేస్తారో నాకు తెలుసు. ఆ యంత్రం పక్కనుంచే రోజూ నడుస్తాను. పళ్లున్న కడ్డీ గిర్రున తిరుగుతూ బెజ్జంలోకి దిగుతుంది. పైనుంచి నల్ల నూనె ధారగా కారుతుంది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను.

పాలసీసా పట్టుకుని పిన్ని వచ్చింది. చీటీ చూసింది.

"ఏంట్రా ఇది? పసిగుడ్డు కాలికి చీటీ కడతావా? కళ్లు నెత్తికెక్కాయా?"

"రూలు పిన్నీ."

"నీ రూలు పాడుగాను! నిన్ను కూడా నేనే ఊపి పడుకోబెట్టాను ఆ ఉయ్యాల్లో. అప్పుడు నీ కాలికి ఎవరు కట్టారు?"

"అప్పుడు మాటలు ఖరారు కాలేదు" అన్నాడు గుమాస్తా వినయంగా.

మాటల సారును పిలిపించారు. ఆయన నోరు తుడుచుకుంటూ వచ్చి, చీటీ చదివి, ముచ్చటపడిపోయాడు. తన మాట ఇంత లోతుగా దిగుతుందని అనుకోలేదట.

"సార్, అది మనిషండీ" అన్నాను. "మనిషి పిల్ల. నట్టు కాదు. మనిషి అని రాయించండి సార్, మీకు పుణ్యముంటుంది."

"రాయవచ్చు. కానీ మనిషి అన్న మాట ఖరారు కాలేదమ్మా. మేము అక్షరాల వరసలో వస్తున్నాం. మని దాటిపోయాం, మర దగ్గరున్నాం. వెనక్కి తిరగడానికి మనమేం ఎడమ మర నట్టులం కాదు కదా." తన జోకుకు తనే నవ్వుకున్నాడు. ఎడమ మర నట్టు అంటే అన్నీ బిగిసే వైపు తిప్పితే ఊడిపోయే రకం. నాకు ఆ పూట దాని మీద అసూయ పుట్టింది.

"మరి నేనేం చేయాలి సార్?"

"చాలా తేలిక. మరచిన వస్తువును దాని మనిషి ఇంటికి తీసుకుపోవచ్చు. కిటికీ ముందు నిలబడి, ఇది నేను మరిచినదే అని గట్టిగా అనాలి. అంతే."

అంతే అట.

అప్పటికి కిటికీ చుట్టూ డబ్బాలు పట్టుకుని జనం చేరారు. నట్టుల విభాగం నుంచి ఖాళీ బండి బయలుదేరిన చప్పుడు వినిపిస్తోంది. దాని ముందు చక్రం ఎప్పుడూ కీచుమంటుంది. మా ఆయన జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు.

"అనేయ్. మాటే కదే."

"మీరనండి."

"సరే, నేనే అంటా. అన్నా, ఇది నేను..."

గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు పొద్దున గొడుగు తీసుకుపోయావు కదా. ఒక మనిషికి ఒక్కటే. రెండు మరిస్తే అది మరుపు కాదు, బలుపు."

"గొడుగా?" అన్నాను మా ఆయనతో.

"మబ్బు పట్టింది కదే..."

"నేనంటాను" అంది పిన్ని. "నేనే మరిచాను. రాసుకో."

"పరిచిన దుప్పటి నీదే కదా పిన్నీ, అంటే పెట్టింది నువ్వే. పెట్టిన మనిషి మరిచిన మనిషి అవడు."

ఇక మిగిలింది నేను. ఆ మాట ఎలా అనను? నిజం కాదు కదా! ఒక్క క్షణం కూడా మరవలేదు. బోల్టు తీసి పెట్టెలో వేసినప్పుడల్లా లేచిందో, ఆకలేసిందో, ఎవరెత్తుకున్నారో అనుకుంటూనే ఉన్నాను. లోకంలో నేను చేయలేదని గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. ఇప్పుడు నా నోటితో నేనే కాదంటే, ఇంతమంది విన్నాక, మళ్లీ ఎప్పుడైనా మరవలేదు అంటే నమ్మేదెవరు? నేను ఇంటికి చేరేలోపే ఈ మాట నాకన్నా ముందు అత్తయ్య దగ్గర కూర్చుని ఉంటుంది. పాప పెద్దదవుతుంది. ఎవరో చెబుతారు: మీ అమ్మ నిన్ను మరిచిందట, అందరి ముందూ ఒప్పుకుందట.

కీచు దగ్గరికొచ్చింది. బండివాడు అర పక్కన ఆపాడు. చీటీ చదువుకుని, పాపకేసి చూసి, "దీన్ని నూనెలో ముంచి తేవాలా, అక్కడే ముంచుతారా?" అని అడిగాడు.

"ఇది నేను మరిచినదే" అన్నాను.

"వినపడలేదు" అన్నాడు గుమాస్తా.

"నేను మరిచినదే! నా కూతుర్ని నేనే మరిచాను!"

యంత్రాలు ఆగి ఉన్న వేళ కదా, వాకిలి అవతలి గోడ దాకా వినపడింది. ఎవరి చేతిలోంచో చెంచా జారింది. ప్యాకింగు అక్కలు ముక్కున వేలేసుకున్నారు. నా మొహం మీద ఆవిరి కొట్టినట్టుంది. మాటల సారు మాత్రం కళ్లు మూసుకుని తలాడించాడు. "ఎంత స్పష్టంగా పలికావమ్మా! నువ్వు ఎంతవరకు చదివావు?"

"ఎనిమిది సగం సార్."

"చాలు, చాలు."

గుమాస్తా చీటీ మీద మళ్లీ కొట్టేసి మళ్లీ రాశాడు. పాపను తెచ్చి నా చంకలో పెట్టాడు. పెట్టి, రెండు చేతులతో దాన్ని లాగాడు. నేను కెవ్వుమన్నాను.

"అరవకమ్మా, బిగువు చూడాలి. మరచినవాటికి తప్పదు." మళ్లీ లాగాడు. పాప నా జుట్టు పిడికిట నిండా పట్టుకుని, గడ్డం నా భుజంలోకి గుచ్చి, ఊడలేదు. మెలిపెట్టి చూశాడు. ఊడలేదు. నా జుట్టే కాస్త ఊడింది. "బాగుంది" అని ముద్ర వేశాడు.

వెళ్లిపోయేదాన్నే. ఆయన కాలి చీటీ విప్పి, దాన్ని పట్టుకుని నిలబడిపోయాడు. "అర ఖాళీ అయింది. ఈ చీటీ ఎవరికి కట్టను? వస్తువు లేని చీటీ ఉండకూడదు. అమ్మా, పాపను ఒకసారి..."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. పిన్ని ఆ చీటీ లాక్కుంది. పాలసీసా నా చేతిలో పెట్టింది. కిటికీ పక్క తలుపులోంచి లోపలికెళ్లి, దుప్పటి సర్దుకుని, మోకాళ్లు ముడుచుకుని అరలో కూర్చుంది.

"నా కాలికి కట్టు."

"పిన్నీ!" అన్నాను.

"నువ్వు పో. ఈ చీటీ ఊరికే ఉంటే మళ్లీ పాప కాలే వెతుక్కుంటుంది."

గుమాస్తా కట్టాడు. కలం తీశాడు. "మరచినదా, మరవనిదా?"

పిన్ని కాస్త ఆలోచించింది. పిన్నికి ఎవరూ లేరు. ఇంతమంది పిల్లలను పెంచింది గానీ, ఒక్కడు కూడా పెద్దయ్యాక వచ్చి పలకరించిన గుర్తు లేదంటుంది, ఈ గుమాస్తాతో సహా. "మరచినదనే రాయి నాయనా" అంది. "ఆ యంత్రం దాకా వెళ్లే ఓపిక నాకు లేదు."

బండి ఖాళీగా కీచుమంటూ వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో.

"గట్టిగా అన్నావట?"

"అన్నాను అత్తయ్యా."

"అందరూ విన్నారట?"

"విన్నారు."

ఇక మొదలవుతుందని తల దించుకున్నాను. ఆవిడ పాపను అందుకుని, కాలి మీద దారం నొక్కిన గుర్తును బొటనవేలితో రుద్దింది. తరవాత, "నేనైతే అనలేకపోయేదాన్ని" అంది. మెచ్చుకుందో, దెప్పిందో ఇప్పటికీ తెలియదు. లోపలికెళ్లి పాపకు నీళ్లు పోసింది.

మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గరికి వెళ్లాను. "పిన్నిని ఇవ్వండన్నా. నేను మరిచినదే." ఈసారి మాట ఇట్టే వచ్చింది. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. నా వంతు అయిపోయిందట. మా ఆయనది గొడుగుతో పోయింది. ప్యాకింగు అక్కలందరూ ఎప్పుడో డబ్బాలకూ చెప్పులకూ వాడేసుకున్నారు. మేస్త్రీ తన వంతును ఒక దువ్వెన మీద పెట్టాడట, తలచుకుని ఏడ్చాడు. అత్తయ్యను బతిమాలాను. "అన్నం పెట్టమను, పెడతాను. పక్క వేయమను, వేస్తాను. మరిచానని మాత్రం నా నోట రాదు. జన్మలో నేను ఏదీ మరవలేదు" అంది. మాటల సారును అడిగితే, ప ఎప్పుడో దాటిపోయాననీ, ఇప్పుడు య కూడా దాటి ర దగ్గరికి చేరాననీ అన్నాడు.

"లేచి వచ్చేయ్ పిన్నీ, ఎవరేమంటారు" అని ఊచల్లోంచి గుసగుసలాడాను. కాలు ఎత్తి చీటీ చూపించింది. నవ్వింది. సున్నం ఆరింది గానీ తల్లులు ఇప్పుడు పిల్లలను అక్కడికే తెచ్చి అరల్లో పడుకోబెడుతున్నారు, చీటీలు కట్టనివ్వకుండా పిన్ని గుడ్లురుముతూ కాపలా కాస్తోంది. నేను రోజూ డబ్బా పంపిస్తున్నాను. ఖాళీ డబ్బా తిరిగి వచ్చేది.

నిన్న రాలేదు. వెళ్లి చూస్తే పిన్ని అర ముందు కొత్త సరుకు పెట్టెలు పైదాకా పేర్చి ఉన్నాయి. పిలిచాను. పెట్టెల సందులోంచి పాదాలు మాత్రం కనపడ్డాయి. వేలు కదిలిందో, నాకలా అనిపించిందో చెప్పలేను. గుమాస్తాను అడిగితే, "ఏ పిన్ని?" అన్నాడు.

ఇది చదువుతున్న మీరు మా కంపెనీలో ఎప్పుడూ పనిచేసి ఉండరు. మీ వంతు ఇంకా అలాగే ఉంటుంది. గొడుగుకో చెప్పుకో వాడేయకండి. అటువైపు వెళ్లినప్పుడు గేటు పక్క కిటికీ దగ్గర ఆగండి. ముందు పెట్టెలు పక్కకు జరిపించి ఆవిడ కళ్లు తెరిచి ఉన్నాయో లేవో చూడండి, పాదాలు పట్టుకుని వెచ్చగా ఉన్నాయో లేవో చూడండి. ఆ తరవాత గుమాస్తా అడిగితే, ఆవిడ నేను మరిచిన మనిషే అని గట్టిగా అనండి. ఒక్కసారికి వినపడదు. రెండోసారి కూడా అనండి.